పార్లమెంటులో శాఖల ఖర్చు లెక్క, ఉద్యోగాల లెక్క: రెండూ ఎక్కడ కలుస్తాయి?

#1 పరీక్షల_పక్షి

అందరికీ నమస్కారం. కేంద్ర ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నాను. కరెంట్ అఫైర్స్ కోసమని లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో లిఖితపూర్వక జవాబులు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది.

2022 జులైలో లోక్‌సభకు ఇచ్చిన ఒక జవాబు ప్రకారం 2014-15 నుంచి 2021-22 వరకు కేంద్ర ఉద్యోగాలకు 22.05 కోట్ల దరఖాస్తులు వచ్చాయి, 7.22 లక్షల మందిని నియామకానికి సిఫారసు చేశారు. ఇంచుమించు అదే సమయంలో ఇచ్చిన ఇంకో లెక్క: 2021 మార్చి 1 నాటికి మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, పనిలో ఉన్నవాళ్లు 30.55 లక్షలు, ఖాళీలు 9.79 లక్షలు. నాలుగు కుర్చీల్లో దాదాపు ఒకటి ఖాళీ అన్నమాట. మూడోది 2025 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి చెప్పింది. దేశంలో ఉపాధి 2014-15లో 47.15 కోట్లు, 2023-24 నాటికి 64.33 కోట్లు. పదేళ్లలో 17 కోట్లు పెరిగిందట.

మూడూ ప్రభుత్వం చెప్పినవే. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం మూడు వేర్వేరు దేశాల కథల్లా ఉన్నాయి. నాకు తెలియాల్సినవి రెండు. ఒక శాఖకు డబ్బు మంజూరు చేసేటప్పుడు "దీంతో ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి" అని పార్లమెంటు అడిగే చోటంటూ ఉందా? ఉంటే, ఆ జవాబును సరిచూసేదెవరు?

#2 నిష్టూరం

ఉంది తమ్ముడూ. దాని పేరు గిలటిన్: మిగిలిన పద్దులన్నీ, అంటే శాఖలు ఖర్చుకు అడిగే మొత్తాలన్నీ, చర్చ లేకుండా ఒక్కసారే ఓటుకు పెట్టడం. 2018 మార్చిలో లోక్‌సభ అన్ని శాఖల పద్దుల్నీ చర్చ లేకుండానే ఆమోదించేసింది. 2023 మార్చిలో మళ్లీ అదే. 45 లక్షల కోట్ల బడ్జెట్టు నిమిషాల్లో గట్టెక్కింది. ఇక ఉద్యోగాల లెక్క అడిగే తీరిక ఎవరికి?

#3 పద్దుల_పాతకాపు

నిష్టూరం గారు చెప్పిన రెండు సంవత్సరాలూ నిజమే. కానీ గిలటిన్ పడిన ఏడాది కూడా శాఖల ఖర్చును ఎవరో ఒకరు కూర్చుని చదివారు. సభలో కాదు, సంఘాల్లో. నా సర్వీసంతా ఖాతాలు, ఆడిట్ మధ్యే గడిచింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది (2017 నుంచి ఆ తేదీ). సాధారణ చర్చ అయ్యాక సభకు విరామం ఇస్తారు. ఆ విరామంలో శాఖల పద్దులు స్థాయీ సంఘాలకు, అంటే శాఖలవారీగా ఉండే ఎంపీల కమిటీలకు, వెళ్తాయి. ఈ సంఘాలు 1993లో 17తో మొదలయ్యాయి, 2004 నుంచి 24. ఒక్కో దాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు. శాఖ కార్యదర్శి స్వయంగా వచ్చి కూర్చుంటాడు. పోయినేడు ఎంత అడిగారు, ఎంత ఇచ్చాం, ఎంత ఖర్చుపెట్టారు, మిగిలింది ఎందుకు వెనక్కి పంపారు, ఇవన్నీ అక్కడ అడుగుతారు. నివేదిక సభకు వస్తుంది. ఆ తర్వాతే పద్దుల మీద ఓటింగ్. సభలో గిలటిన్ పడినా ఈ నివేదికలు మాత్రం వచ్చే ఉంటాయి.

ఇప్పుడు దీని బలహీనతలు కూడా చెప్పాలి. లోక్‌సభ నియమాల్లో 331జి అని ఒకటుంది. దాని ప్రకారం స్థాయీ సంఘం కోత తీర్మానంలాంటిదేదీ సూచించకూడదు. అంటే "ఈ పద్దులో వంద కోట్లు తగ్గించండి" అని రాయడానికి వీల్లేదు. మంత్రిని పిలవరు, అధికారుల్నే పిలుస్తారు. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. సిఫారసు పాటించాలన్న కట్టుబాటు ప్రభుత్వానికి లేదు. పైగా వడ్డీ చెల్లింపులు, న్యాయమూర్తుల జీతాలు, కాగ్ (ప్రభుత్వ ఖాతాల్ని ఆడిట్ చేసే అధిపతి) జీతం లాంటివి నేరుగా సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) మీద పడే ఖర్చులు. వాటి మీద చర్చ చేయొచ్చు గానీ ఓటు ఉండదు. వడ్డీలు కేంద్రం ఖర్చులో ఎంత పెద్ద వాటానో మీకు తెలుసు.

రాజ్యసభకైతే పద్దుల మీద అసలు ఓటే లేదు. ద్రవ్య వినిమయ బిల్లును (ఖజానా నుంచి ఆ డబ్బు తీయడానికి అనుమతించేది) 14 రోజుల్లో తిప్పి పంపడం వరకే దాని పని.

#4 కొత్తచూపు

కోత తీర్మానం అంటే ఏంటండీ? వినడమే గానీ ఎప్పుడూ నెగ్గినట్టు చూడలేదు.

#5 పద్దుల_పాతకాపు

మూడు రకాలు. విధానం నచ్చలేదని పద్దును 1 రూపాయికి తగ్గించమనడం ఒకటి. పొదుపు కోసం ఫలానా మొత్తం తగ్గించమనడం రెండోది. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు ఎత్తడానికి 100 రూపాయలు తగ్గించమనడం మూడోది. నెగ్గితే ప్రభుత్వం మీద విశ్వాసం పోయినట్టే, అందుకే మెజారిటీ ఉన్న ఏ ప్రభుత్వమూ నెగ్గనివ్వదు. గిలటిన్ పడితే అవి కూడా దాంతోపాటే పోతాయి.

#6 ప్రెస్_గ్యాలరీ

కొన్నేళ్లు ఢిల్లీలో సభా వార్తలు రాశాను. మాస్టారు చెప్పినదానికి ఒక ఉదాహరణ ఇస్తాను.

"బేటీ బచావో బేటీ పఢావో" పథకం మీద మహిళా సాధికారత సంఘం 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2016 నుంచి 2019 దాకా విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం మీడియా ప్రచారానికే పోయిందని అందులో రాశారు. సంఘానికి అధ్యక్షత వహించింది పాలక పార్టీ ఎంపీయే. అది శాఖ స్థాయీ సంఘం కాదు, వేరే సంఘం, కానీ పద్ధతి అదే: శాఖ తానిచ్చిన అంకెలనే తిరగేసి శాఖ ముందు పెట్టడం.

ఆ నివేదిక వచ్చిన రోజు టీవీల్లో ఏం నడిచిందో నాకు గుర్తుంది, ఇది మాత్రం కాదు. రెండు రోజుల తర్వాత పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చింది. సంఘం చదవడం లేదని నేననను. సంఘం రాసింది మనం చదవడం లేదు.

#7 నిష్టూరం

చదివితే ఏం ఒరుగుతుంది? ప్రభుత్వం "గమనించాం" అని ఒక ముక్క రాసి పడేస్తుంది.

#8 పద్దుల_పాతకాపు

ఆ ముక్కే అసలు సంగతి. సిఫారసుల మీద ఏం చేశారో ప్రభుత్వం 3 నెలల్లో చెప్పాలి. దాని మీద సంఘం ఇంకో నివేదిక ఇస్తుంది, చర్యల నివేదిక అంటారు. దాన్ని మొదటి నుంచి చదవకండి, నిద్రొస్తుంది. నేరుగా నాలుగో అధ్యాయానికి వెళ్లండి. ప్రభుత్వం చెప్పిన జవాబును సంఘం ఒప్పుకోని సిఫారసులన్నీ అందులో ఉంటాయి. ఐదో అధ్యాయంలో తుది జవాబు ఇంకా రానివి. రెండో అధ్యాయం, ప్రభుత్వం ఒప్పుకున్నవి, ఎప్పుడూ లావుగా ఉంటుంది. ఎందుకంటే "అంగీకరిస్తున్నాం" అనడానికి ఖర్చేమీ లేదు. శాఖ ఎక్కడ ఇరుకున పడిందో నాలుగోదే చెబుతుంది.

#9 సగటురేఖ

ఆలస్యంగా వచ్చాను. గణాంకశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని, ఖర్చు సంగతి మాస్టారికి వదిలేసి ఉద్యోగాల లెక్క వరకు మాట్లాడతాను.

పక్షి గారు పెట్టిన మూడు అంకెలు కొలిచేవి మూడు వేరే వస్తువుల్ని. మొదటిది దరఖాస్తులు. ఒకే మనిషి పది పరీక్షలకు కట్టి ఉండొచ్చు, కాబట్టి 22 కోట్లు మనుషుల సంఖ్య కాదు. సుమారు 300 దరఖాస్తులకు ఒక సిఫారసు అని చెప్పగలం, 300 మందికి ఒక ఉద్యోగం అని చెప్పలేం. రెండోది కుర్చీల లెక్క: ఆర్థిక శాఖ వ్యయ విభాగంలోని పే రీసెర్చ్ యూనిట్ ఏటా తయారుచేసే నివేదికలోంచి తీసుకున్నది. ఒక తేదీ నాటికి ఎన్ని పోస్టులు, ఎంతమంది ఉన్నారు అనే లెక్క కాబట్టి ఈ మూడింట్లో గట్టిది అదే. మూడోది సర్వే శాతాన్ని జనాభా అంచనాతో గుణించగా వచ్చినది. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు సర్వే.

2011-12 దాకా జాతీయ నమూనా సర్వేవాళ్లు సుమారు ఐదేళ్లకోసారి ఉపాధి సర్వే చేసేవారు. 2017-18 నుంచి ఏటా జరిగే శ్రామిక శక్తి సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, వచ్చింది. 2025 జనవరిలో దాన్ని మార్చి, నమూనాను ఏడాదికి సుమారు 1 లక్ష కుటుంబాల నుంచి 2.7 లక్షలకు పెంచి, నెలనెలా అంకెలు ఇస్తున్నారు.

ఇందులో నిరుద్యోగ రేటు రెండు రకాలుగా వస్తుంది. "సాధారణ స్థితి" అంటే గడిచిన ఏడాది మొత్తాన్ని చూడటం. ఎక్కువ కాలం పని లేకపోయినా, 30 రోజులో అంతకు మించో ఏదో ఒక పని చేసి ఉంటే ఉపాధిలో ఉన్నట్టే. "వారపు స్థితి" అంటే గడిచిన 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం 1 గంట పని చేశారా అని. 2023-24లో 15 ఏళ్లు దాటినవారికి మొదటి పద్ధతిలో 3.2 శాతం, రెండో పద్ధతిలో 4.9 శాతం. అదే సర్వే, అవే కుటుంబాలు.

ఇప్పుడు పార్లమెంటు జవాబులకు రండి. సభ్యుడు "నిరుద్యోగ రేటు ఎంత" అని ఊరికే అడిగితే శాఖ ఏది ఇస్తుందో ఊహించడం కష్టం కాదు. 2025 ఏప్రిల్ నుంచి వచ్చే నెలవారీ అంకె వారపు పద్ధతిది, ఆ ఏప్రిల్‌లో 5.1 శాతం. దాన్ని పాత 3.2 పక్కన పెట్టి "నిరుద్యోగం ఎగిసింది" అని రాసినవాళ్లూ ఉన్నారు. అదీ అంతే తప్పు.

#10 నిష్టూరం

వారంలో ఒక్క గంట పని చేస్తే ఉద్యోగి! బాగుంది మేడమ్. ఆ లెక్కన మా వీధి కుర్రాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లే. ఇది లెక్క కాదు, కనికట్టు.

#11 సగటురేఖ

కనికట్టు అంటే ఒప్పుకోను. గంట కొలమానం ఈ ప్రభుత్వం పుట్టించినది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం అదే, చాలా దేశాలు వాడేదీ అదే. ఎంత చిన్న పనినైనా ఉత్పత్తి లెక్కలోకి తేవడానికి పెట్టుకున్న గీత అది. జీవనానికి సరిపడే పనా కాదా అన్నది అది చెప్పదు, చెప్తానని అనలేదు కూడా.

ఆ ప్రశ్నకు జవాబు అదే సర్వేలో వేరే పట్టికలో ఉంది. 2017-18లో 23.3 శాతమున్న మహిళల శ్రామిక భాగస్వామ్యం (పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి) 2023-24లో 41.7 శాతానికి చేరింది. గొప్ప విషయమే. ఇప్పుడు పక్క పట్టిక చూడండి. పని చేసేవాళ్లలో స్వయం ఉపాధివాళ్లు 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగారు. అందులో ఇంటి వ్యవసాయంలోనో ఇంటి దుకాణంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు 13.6 నుంచి 19.4 శాతం అయ్యారు. నెల జీతం వచ్చేవాళ్ల వాటా 22.8 నుంచి 21.7కి తగ్గింది. ఇవన్నీ ప్రభుత్వం అచ్చేసిన నివేదికలోవే, ఎవరూ దాచలేదు. సభలో జవాబు రాసేటప్పుడు మొదటి పట్టిక కాపీ అవుతుంది, రెండోది కాదు. అడిగినవాళ్లు రెండోది అడగలేదు మరి.

#12 నిష్టూరం

దాచలేదంటారా? 2019 మర్చిపోయారా?

#13 సగటురేఖ

మర్చిపోలేదు. 2017-18 సర్వే నివేదికను జాతీయ గణాంక కమిషన్ ఆమోదించినా ప్రభుత్వం విడుదల చేయలేదు. దానికి నిరసనగా 2019 జనవరిలో కమిషన్‌లోని ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. నిరుద్యోగం 6.1 శాతం అన్న అంకె పత్రికకు పొక్కింది. అధికారికంగా బయటికొచ్చింది ఎన్నికలయ్యాక, మే 31న. అప్పుడూ అదే 6.1. అంటే అంకెను మార్చలేదు, ఆపారు. నా దృష్టిలో ఇది చిన్న తప్పేమీ కాదు. ఎప్పుడు విడుదల చేస్తారన్న తేదీ ముందే ప్రకటించి దానికి కట్టుబడటమే గణాంక సంస్థకు ప్రాణం. నెలవారీ బులెటిన్‌కు ఇప్పుడు తేదీల క్యాలెండర్ ఉంది, ఆ మేరకు నయం.

#14 నిర్వాహకులు

పార్టీల మీద తిట్ల దండకంగా మారిన ఆరు పోస్టులు తీసేశాం. ఏ ప్రభుత్వాన్నైనా విమర్శించండి, అంకె చెప్పి విమర్శించండి.

#15 పరీక్షల_పక్షి

మేడమ్, ఆ 17 కోట్ల సంగతి తర్వాత చెప్తానన్నారు.

#16 సగటురేఖ

అది రిజర్వ్ బ్యాంక్ వెలువరించే కేఎల్‌ఈఎంఎస్ సమాచారం నుంచి తీసుకున్నది. ఉత్పాదకత కొలవడానికి కట్టిన పట్టిక. దానికోసం ఎవరూ ఇంటింటికీ వెళ్లి ఉద్యోగాలు లెక్కపెట్టరు. పీఎల్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే "జనాభాలో పని చేసేవారి శాతం" తీసుకుని, జనాభా అంచనాతో గుణిస్తారు. శాతం సర్వేది, జనాభా అంచనా 2011 జనగణన ఆధారంగా ముందుకు లాగినది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, కొత్తదానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. అంతవరకు కోట్లలో చెప్పే ఏ ఉపాధి అంకెలోనైనా ఈ పాత పునాది ఉంటుంది.

ఇంకొకటి. నేను చెప్పిన జీతం లేని ఇంటి సహాయకులంతా ఆ 64.33 కోట్లలో ఉన్నారు. కాబట్టి "17 కోట్ల ఉద్యోగాలు ఇచ్చాం" అనే వాక్యంలో "ఉద్యోగాలు" అన్నదీ నిలవదు, "ఇచ్చాం" అన్నదీ నిలవదు. "పని చేస్తున్నామని చెప్పినవారి అంచనా 17 కోట్లు పెరిగింది" అంటే నిలుస్తుంది. ఆ వాక్యం పోస్టరు మీద బాగుండదు గానీ.

#17 కొత్తచూపు

మరి పీఎఫ్ లెక్క? నెలనెలా "ఇన్ని లక్షల మంది కొత్తగా చేరారు" అని వస్తుందిగా. అదైతే జీతాలున్న ఉద్యోగాలేగా?

#18 సగటురేఖ

2017 సెప్టెంబరు నుంచి ఆ సమాచారం ఉంది, 2018 ఏప్రిల్ నుంచి విడుదల చేస్తున్నారు. ఉపయోగపడేదే. కానీ 19 మందితో నడిచే సంస్థ 20వ మనిషిని తీసుకుంటే చట్టం వర్తించి 20 మందీ ఒకేసారి జాబితాలోకి వస్తారు. కొత్తగా పుట్టిన ఉద్యోగం ఒకటి, పేరోల్‌లో కనిపించేది 20. మానేసినవాళ్ల వివరం ఆలస్యంగా చేరడం వల్ల మొదట వేసిన నికర సంఖ్యను తర్వాతి నెలల్లో సవరిస్తూ పోతారు. మొదటి అంకెతో వార్త వస్తుంది, సవరణతో రాదు.

#19 పద్దుల_పాతకాపు

ఇప్పుడు ఖర్చు వైపు నుంచి ఇదే చోటికి వస్తాను.

శాఖ ఖర్చుకు మూడు అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. ప్రకటనలో మొదటిదే వినిపిస్తుంది, వాస్తవం రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో పడుతుంది. ఉపాధికి సంబంధించిన తాజా ఉదాహరణ ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. 500 పెద్ద కంపెనీల్లో ఐదేళ్లలో కోటి మంది యువతకు అవకాశం అన్నారు. 2024-25 బడ్జెట్ అంచనా 2,000 కోట్లు. సవరించిన అంచనా 380 కోట్లు. అంటే అయిదో వంతు కూడా కాదు. అయినా 2025-26కి 10,831 కోట్లు పెట్టారు. స్థాయీ సంఘం సభ్యుడు ఎవరైనా ఈ మూడు అంకెల్ని ఒక వరుసలో రాసుకుంటే చాలు, కార్యదర్శిని ఏం అడగాలో దానంతట అదే తెలుస్తుంది. పథకం మొదలైన ఏడాది ఖర్చు తక్కువుండటం సహజమే. కానీ ఏ ఆధారంతో 28 రెట్లు పెంచారన్నదానికి కాగితం ఉండాలి కదా.

దీనికి ఎదురు ఉదాహరణ ఉపాధి హామీ. 2020-21లో బడ్జెట్ అంచనా 61,500 కోట్లు, సవరించినది 1,11,500 కోట్లు. 2023-24లో 60,000 అన్నారు, 86,000 చేశారు. అక్కడ తక్కువ వేసి అనుబంధ పద్దుల్లో పెంచుకుంటూ పోయారు. మధ్యలో డబ్బు అయిపోతే కూలి ఆలస్యమవుతుంది, గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం దీని మీద పదేపదే రాసింది. అయినా నాకు ఆ పథకం లెక్క అంటే గౌరవం. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టిక) ఉంటుంది కాబట్టి ఇన్ని కోట్లకు ఇన్ని పనిదినాలు అని చెప్పగలరు. 2020-21లో 389 కోట్ల పనిదినాలు. మస్టర్లలో దొంగ పేర్లు ఉంటాయి, తెలుసు. కానీ దొంగ పేరును పట్టుకోవడానికైనా ముందు పేరంటూ ఉండాలి. నైపుణ్య శిక్షణ పథకాల్లో ఎన్ని చోట్ల "శిక్షణ పొందినవారు" అన్న గడితోనే కథ ముగుస్తుందో చూడండి. శిక్షణ అయ్యాక ఏడాదికి ఆ మనిషి ఎక్కడున్నాడన్న గడి వెతుక్కోవాలి.

మార్చి నెల గురించి ఒక మాట. చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు పెట్టొద్దని ఆర్థిక శాఖ నియమం. ఆ నియమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఏ ట్రెజరీ గుమాస్తానడిగినా చెప్తాడు.

#20 ప్రెస్_గ్యాలరీ

పక్షి గారి రెండో ప్రశ్న, సరిచూసేదెవరు అన్నది, ఇంకా మిగిలే ఉంది. ఖర్చును కాగ్ సరిచూస్తుంది. 151వ అధికరణం ప్రకారం నివేదిక రాష్ట్రపతికి వెళ్లి, అక్కడి నుంచి పార్లమెంటు ముందుకొస్తుంది. ఎన్ని రోజుల్లో పెట్టాలో రాజ్యాంగంలో గడువు లేదు, అక్కడే జాప్యానికి సందు. ఆ తర్వాత ప్రజా పద్దుల సంఘం, అదే పీఏసీ. 1921 నుంచి ఉంది. 22 మంది, లోక్‌సభ 15, రాజ్యసభ 7. 1967 నుంచి అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. సభ మంజూరు చేసినదానికన్నా ఏ శాఖైనా ఎక్కువ ఖర్చుపెడితే పీఏసీ చూశాకే దాన్ని క్రమబద్ధం చేస్తారు.

ఆనవాయితీకి విలువ ఎంతో మన రెండు రాష్ట్రాల్లో 2024లో చూశాం. ఏపీలో పీఏసీ ఎన్నికను వైసీపీ బహిష్కరించింది, అధ్యక్ష పదవి పాలక కూటమిలోని జనసేనకు వెళ్లింది. తెలంగాణలో బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచిన ఎమ్మెల్యేకే ఇచ్చారు గానీ ఆయన మా వైపు లేడని బీఆర్‌ఎస్ గొడవ చేసింది. పదవి ఎవరిదన్న రభస వారాల తరబడి నడిచింది. కాగ్ పేరాల్లో ఏముందన్న చర్చ మాత్రం ఎక్కడా కనబడలేదు. మన పత్రికలవాళ్లమూ పదవి వెనకే పరిగెత్తాం.

ఉద్యోగాల అంకెలకైతే కాగ్‌లాంటి సంస్థ లేదు. గణాంక శాఖ కూడా ఆర్థిక స్థాయీ సంఘం పరిధిలోనే ఉంది, ఆ సంఘానికి ఆర్థిక శాఖ, కార్పొరేట్ వ్యవహారాలు, నీతి ఆయోగ్ కూడా ఉన్నాయి. గణాంకాలకు దక్కే సమయం ఎంతో ఊహించుకోండి. అమెరికాలో 1974 నుంచి చట్టసభకు సొంత బడ్జెట్ కార్యాలయం ఉంది, నిపుణులు కూర్చుని అంకెలు విప్పి చెప్తారు. మన ఎంపీలకు అలాంటిది లేదు. ఒక ఎంపీ ఒక పీఏతో 100కు పైగా పద్దులు చదవాలి.

#21 పరీక్షల_పక్షి

అంటే ఖర్చూ ఉద్యోగమూ కలిసే చోటు అసలు లేదా?

#22 పద్దుల_పాతకాపు

ఒకటుంది, ఎవరూ చూడరు. బడ్జెట్ పత్రాల్లో "వ్యయ స్వరూపం" అనే సంపుటి ఉంటుంది. అందులో శాఖలవారీగా సిబ్బంది సంఖ్య, వాళ్ల జీతభత్యాలకు కేటాయింపు, రెండూ ఒకే పట్టికలో ఉంటాయి. కాకపోతే అది అంచనా. మార్చి 1 నాటికి ఇంతమంది ఉంటారు అని శాఖ అనుకున్న సంఖ్య. దాన్ని పే రీసెర్చ్ యూనిట్ నివేదికలో అదే తేదీకి నిజంగా ఉన్న సంఖ్యతో పోల్చాలి. తేడా ఎక్కడ ఎక్కువుందో ఆ శాఖ జీతాల పద్దులో డబ్బు మిగిలిపోతుంది, మార్చి 31న సరెండర్ అవుతుంది, అంటే వెనక్కి పోతుంది. కాగ్ తనిఖీ చేసే అప్రాప్రియేషన్ ఖాతాల్లో (మంజూరైనదాన్ని ఖర్చుతో పోల్చే ఖాతాలు) ఆ మిగులుకు కారణం రాస్తారు. "పోస్టులు భర్తీ కాకపోవడం వల్ల" అనే వాక్యం అక్కడ కొల్లలుగా దొరుకుతుంది.

తమ్ముడూ, నువ్వు రాసే పరీక్ష వాయిదా పడిన ఏడాది ఆ శాఖ జీతాల పద్దులో ఎంత మిగిలిందో చూసుకో.

#23 పరీక్షల_పక్షి

మాస్టారూ, ఇది నాకు పనికొచ్చే మాట. మా ఎంపీ గారి ఆఫీసుకు మెయిల్ పెడదామనుకుంటున్నా. ముసాయిదా ఇది, దిద్దండి:

"ప్రభుత్వ శాఖల్లో ఖాళీలు ఎన్ని, వాటిని నింపడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి, నిరుద్యోగాన్ని తగ్గించడానికి ఉన్న పథకాలేమిటి?"

#24 ప్రెస్_గ్యాలరీ

ఇలా అడిగితే రెండు పేజీల పథకాల జాబితా వస్తుంది. "చర్యలేమిటి" అన్న మాట చూడగానే శాఖలో సిద్ధంగా ఉన్న పేరా అతికిస్తారు. ఇంకోటి, ప్రచురితమైన పత్రాల్లో దొరికే సమాచారం మామూలుగా ప్రశ్నగా అడగనివ్వరు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. నోటీసు కనీసం 15 రోజుల ముందు. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తువి (సభలో నోటితో జవాబిచ్చేవి) 20, గుర్తు లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230 వస్తాయి. గుర్తు ఉన్నదైతే అనుబంధ ప్రశ్న వేసే వీలుంటుంది, కానీ లాటరీలో రావాలి, వచ్చినా సభ నడవాలి.

#25 సగటురేఖ

తేదీ ఒకటే ఉండాలి, మూలం ఒకటే ఉండాలి. "నిరుద్యోగం" తీసేయండి, అది వేరే శాఖ. ఒక ప్రశ్నలో రెండు శాఖల్ని కలిపితే ఇద్దరూ అవతలివాళ్ల మీదికి తోస్తారు.

#26 పద్దుల_పాతకాపు

ఇలా పెట్టు:

అ) గత 3 సంవత్సరాల్లో ప్రతి మార్చి 1 నాటికి, శాఖలవారీగా, గ్రూపులవారీగా మంజూరైన పోస్టులు, పనిలో ఉన్న సిబ్బంది, ఖాళీలు ఎన్ని;
ఆ) అవే సంవత్సరాల్లో ఆయా శాఖల జీతభత్యాల పద్దులో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు ఎంత, సరెండర్ చేసిన మొత్తం ఎంత;
ఇ) 3 ఏళ్లకు పైగా ఖాళీగా ఉన్న పోస్టులు ఎన్ని, వాటిలో రద్దయినవి ఎన్ని;
ఈ) ఒప్పంద, పొరుగు సేవల సిబ్బందికి అవే సంవత్సరాల్లో చేసిన ఖర్చు ఏ పద్దు కింద, ఎంత?

ఆర్థిక శాఖకు వెళ్లాలి, సిబ్బంది శాఖకు కాదు. వ్యయ విభాగం దగ్గరే రెండు అంకెలూ ఉంటాయి. (ఈ) మాత్రం వదలొద్దు. కుర్చీ ఖాళీగా ఉన్నా పని ఆగదు కదా, ఆ పని చేసేవాళ్ల జీతం "ఇతర పాలనా ఖర్చులు", "వృత్తిపరమైన సేవలు" లాంటి చోట్ల దాక్కుంటుంది. వాళ్లు ఏ ఖాళీల పట్టికలోనూ ఉండరు.

#27 నిష్టూరం

బాగానే ఉంది. నాకు తెలిసిన జవాబు ఒకటే: "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం." అప్పుడేం చేస్తారు?

#28 ప్రెస్_గ్యాలరీ

ఆ వాక్యం రాశారంటే అది సభకు ఇచ్చిన హామీ కింద నమోదవుతుంది. 3 నెలల్లో నెరవేర్చాలి, లేదంటే హామీల సంఘం నుంచి గడువు అడుక్కోవాలి. గడువు మీద గడువు అడిగినవాటి జాబితా ఆ సంఘం నివేదికల్లో శాఖ పేరుతో సహా అచ్చవుతుంది. కొన్ని ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి, అబద్ధం చెప్పను. ప్రశ్న నంబరు, జవాబు వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి, ఎంపీ మారినా వెతకడానికి ఆ రెండే ఆధారం.

#29 పరీక్షల_పక్షి

మెయిల్ పంపేశాను. (ఇ) లో గ్రూపులవారీగా అని కూడా చేర్చాను. జవాబు వస్తే ఇదే చర్చలో పెడతాను.